రోగం సంగతి రోగికి తెలియాలి

(తెల్లాపూర్‌లో ఒక మస్జిద్ ప్రాంగణంలో, వైద్య నిపుణులు, స్థానిక కుటుంబాలు పాల్గొన్న ఆరోగ్య అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

గుండె, మూత్రపిండాలు, మధుమేహం – ఈ మూడు విషయాలలో అనుభవజ్ఞులైన వైద్యులు తమ సెలవు దినాన్ని మనకోసం వదులుకుని వచ్చారు. వారు మాట్లాడేది వైద్యశాస్త్రం. మేము వైద్యులము కాము. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా ముప్పయ్యారు సంవత్సరాలు పనిచేసి పదవీ విరమణ పొందినవారము. వైద్యుని బల్లకు ఇవతలి వైపు కూర్చునే వారి తరఫున నాలుగు మాటలు చెప్పవలసిందిగా కమిటీ పెద్దలు కోరారు. ఆ బాధ్యత మేరకే మాట్లాడతాము.

ముందుగా మా ఇంటి విషయం ఒకటి చెప్పాలి. మా పెద్దక్కను మేమందరం ఆపా అని పిలిచేవాళ్లము. ఒకనాడు తీవ్రమైన తలనొప్పితో ఆమెను దవాఖానాకు తీసుకువెళ్లాము. రక్తపోటు చాలా ఎక్కువగా ఉందన్నారు. రెండు రోజులు ఉంచుకుని, నెలకు సరిపడా గోళీలు రాసి పంపించారు. నెల గడిచాక మా వీధిలోని ఆర్‌ఎంపీ చూసి బీపీ నార్మల్‌గా ఉందన్నాడు. ఆపా సంతోషించింది. "జబ్బు పోయిందిగా, ఇంకా గోళీలెందుకు? ఆ డబ్బుతో పిల్లలకు పుస్తకాలు వస్తాయి" అన్నది. మాకూ అది సబబుగానే తోచింది. అయిదు నెలల తరువాత ఒక ఉదయం ఫజ్ర్ నమాజుకు వజూ చేసుకోబోతే ఆమె కుడిచెయ్యి లోటాను ఎత్తలేకపోయింది. పక్షవాతం. ఆ తరువాత మూడు సంవత్సరాలు బతికింది. మాట మాత్రం తిరిగి రాలేదు.

ఆమె వెళ్లిపోయిన తరువాత బీరువా సర్దుతుంటే ఆ డిశ్చార్జి కాగితం దొరికింది. మందు ఆపకుండా కొనసాగించాలని అందులో ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది. ఆనాడు దవాఖానా మెట్ల మీద నిలబడి ఆ కాగితం చదివింది మేమే. డిగ్రీ చదివినవారము, జీవితమంతా ఇంగ్లీషు ఫైళ్లు తిప్పినవారము. ఎంతకాలం కొనసాగించాలి, ఆపితే ఏమవుతుంది అని మేము అడగలేదు. వారూ చెప్పలేదు. ఆ దవాఖానాలో తప్పు వైద్యం జరిగిందని మేము ఎన్నడూ అనలేదు. రోగనిర్ణయం సరైనదే, మందూ సరైనదే. మధ్యలో ఉండవలసిన మాట లేకపోయింది.

ఇక్కడ మా తప్పునూ ఒప్పుకోవాలి. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక ముసలాయన పింఛను కాగితం కోసం మా కార్యాలయానికి ఏడుసార్లు తిరిగాడు. ప్రతిసారీ ఆయన దరఖాస్తు మీద ఇంగ్లీషులో ఒక అభ్యంతరం రాసి చేతికిచ్చేవాళ్లము. ఎనిమిదోసారి వచ్చినప్పుడు, "సాబ్, ఇందులో ఏం రాసినారో నోటితో చెబితే తెచ్చిస్తా గదా" అన్నాడు. కావలసింది ఒకే ఒక్క వయసు ధ్రువీకరణ పత్రం. రెండు నిమిషాల మాట మిగుల్చుకోవడానికి ఆయనను ఏడుసార్లు తిప్పాము. కాబట్టి వైద్యులను వేలెత్తి చూపే అధికారం మాకు లేదు. తెలిసినవాడు తెలియనివాడికి చెప్పకపోవడం అనే జబ్బు ఈ దేశంలోని ప్రతి కుర్చీకీ ఉంది. కార్యాలయంలో దాని మూల్యం కాళ్ల నొప్పులు. దవాఖానాలో దాని మూల్యం ప్రాణం.

ఇక మన ఊరి సంగతి. మనకు గుర్తున్న తెల్లాపూర్ చెరువులు, పొలాలు, నాలుగు వీధులు. 2016లో జిల్లాల పునర్విభజనతో మెదక్ నుంచి సంగారెడ్డి జిల్లాలోకి వచ్చాము. 2018లో ఊరు మున్సిపాలిటీ అయింది. నేడు ఆకాశాన్నంటే అపార్టుమెంట్లలో ఐటీ ఉద్యోగులు ఉన్నారు. ఆ అపార్టుమెంట్లను కట్టే కూలీలు, వాటికి కాపలా కాసే వాచ్‌మన్లు, అక్కడ వంటచేసే స్త్రీలు, క్యాబులు నడిపే యువకులూ ఇక్కడే ఉన్నారు. పక్కనే కొల్లూరులో 2023 జూన్ 22న 15,660 రెండు పడకగదుల ఇళ్ల సముదాయం ప్రారంభమయింది. నగరంలోని నలుమూలల నుంచి పేద కుటుంబాలు అక్కడికి తరలివస్తున్నాయి. వారిలో మన కుటుంబాలూ ఉన్నాయి. పాత బస్తీలో తరతరాలుగా తెలిసిన డాక్టరును, తెలిసిన మందుల దుకాణాన్ని వదిలి వచ్చినవారు వారు.

నల్లగండ్ల, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ వైపు చూస్తే దేశంలోనే పేరున్న పెద్ద ఆసుపత్రులు కనిపిస్తాయి. నిపుణులకు కొరత లేదు, యంత్రాలకు కొరత లేదు. అయినా ఆ అద్దాల తలుపులు దాటి బయటికి వచ్చిన మన తల్లిని, "ఏమన్నారమ్మా?" అని అడిగితే, "ఏవో గోళీలు రాసినారు" అంటుంది. ఆ ఒక్క జవాబు మారాలన్నదే మా ప్రసంగం మొత్తం.

భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం 2023లో వెలువడింది. దాని ప్రకారం మన దేశంలో 10 కోట్లకు పైగా ప్రజలు మధుమేహంతో ఉన్నారు. మరో 13 కోట్లకు పైగా మంది దాని అంచున ఉన్నారు. పెద్దవారిలో దాదాపు 35 శాతం మందికి రక్తపోటు ఉంది. ఇవి ఒకసారి మందు వేసుకుంటే తీరిపోయే జ్వరాల వంటివి కావు. జీవితాంతం రోగియే తన ఇంటిలో, తన వంటగదిలో, తన జేబు ఖర్చుతో నడుపుకోవలసిన జబ్బులు. డాక్టరు సంవత్సరంలో నాలుగుసార్లు కనిపిస్తాడు. మిగిలిన రోజులన్నీ రోగియే తనకు తాను డాక్టరు. ఆ డాక్టరుకు జబ్బు సంగతి తెలియకపోతే ఎట్లా?

2017లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ పరిశీలన, మన దేశంలో ప్రాథమిక స్థాయి వైద్యుడు ఒక రోగికి ఇచ్చే సమయం సగటున రెండు నిమిషాల పైచిలుకేనని తేల్చింది. బయట వందమంది కూర్చుని ఉంటే వైద్యుడు మాత్రం ఏమి చేయగలడు? నిజమే. అయితే ఆ కొద్ది నిమిషాలలోనే ప్రాణాన్ని నిలబెట్టే మాట ఒకటి చెప్పవచ్చు. అటువంటి మాటలు ఎలా ఉండాలో మాకు తెలిసినంతలో చెబుతాము. పొరపాటుంటే వేదిక మీది నిపుణులు సవరించాలి.

బీపీ గోళీ గురించి ఇలా చెప్పవచ్చు: "అమ్మా, ఇది జబ్బును తీసివేయదు, అణచి ఉంచుతుంది. వానలో గొడుగు పట్టుకున్నవాడు తడవడం లేదు కదా అని గొడుగు మూస్తే ఏమవుతుంది? బీపీ నార్మల్‌గా ఉన్నదంటే గోళీ పనిచేస్తున్నదని అర్థం. నన్ను అడగకుండా ఆపవద్దు." ఇది చెప్పడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం మా ఆపాకు దక్కలేదు.

షుగరు విషయంలో హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష రాస్తారు. పేరు వింటేనే సగం మంది భయపడతారు. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. రక్తంలోని చక్కెర దానికి అంటుకుంటుంది. ఎంత అంటుకున్నదో చూస్తే గడచిన రెండు మూడు నెలల లెక్క బయటపడుతుంది. పరీక్షకు ముందు రెండు రోజులు మిఠాయి మానేసి డాక్టరును మెప్పించడం కుదరదు. అది మూడు నెలల హాజరు పట్టిక. 6.5 లేదా అంతకు పైన ఉంటే మధుమేహమని, చాలామంది రోగులు దానిని 7 లోపు ఉంచుకోవాలని చెబుతారు. వయసును, ఇతర జబ్బులను బట్టి ఎవరి లక్ష్యం ఎంత అన్నది వారి వైద్యుడే చెప్పాలి. ఆ అంకె ప్రతి రోగికీ తన ఇంటి నంబరు తెలిసినట్లు తెలిసి ఉండాలి.

మూత్రపిండాలు మౌనంగా చెడతాయి. రక్తంలో క్రియాటినిన్ పెరిగే సరికే నష్టం చాలా జరిగి ఉంటుంది. మూత్రంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తు పోతున్నదా అని చూస్తే ముందుగా తెలుస్తుంది. షుగరు, బీపీ ఉన్నవారు సంవత్సరానికి ఒకసారైనా ఈ పరీక్ష చేయించుకోవాలి. కట్టడాల మీద బరువులు మోసే మన సోదరులు ఒళ్లునొప్పులకు మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే గోళీలు రోజూ మింగితే మూత్రపిండాలకు హాని కలుగుతుంది. ఈ మాట వారికి ఎవరు చెప్పారు?

గుండెకు స్టెంటు వేసిన తరువాత రక్తం గడ్డకట్టకుండా గోళీలు ఇస్తారు. పన్ను పీకించుకోవడానికి వెళ్లినా, వేరే ఏ ఆపరేషను అయినా, గుండె వైద్యుని అడగకుండా వాటిని ఆపకూడదు. ఆపితే స్టెంటులోనే రక్తం గడ్డకట్టవచ్చు. లక్షలు ఖర్చుచేసి వేయించుకున్న స్టెంటు ఒక్క మాట తెలియకపోవడం వల్ల ప్రాణం మీదికి రావచ్చు.

ఇక భాష సంగతి. మేము తరచుగా చూసే దృశ్యం ఒకటుంది. తల్లికి జబ్బు. కొడుకు ఐటీ కంపెనీలో ఉద్యోగి. వైద్యుడూ కొడుకూ ఇంగ్లీషులో మాట్లాడుకుంటారు. తల్లి ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తుంది. బయటికి వచ్చాక, "క్యా బోలే బేటా?" అంటే, "కుచ్ నై అమ్మీ, గోళీలు వేసుకుంటే సరిపోతుంది" అంటాడు. ప్రేమతోనే అంటాడు. కానీ జబ్బు ఆమెది, శరీరం ఆమెది, ఉప్పు తగ్గించవలసిన చెయ్యి ఆమెది. స్త్రీల జబ్బుల విషయంలో ఇది ఇంకా కష్టం. భర్త ద్వారానో కొడుకు ద్వారానో చెప్పుకోలేని బాధలు ఉంటాయి. ఆ మాటలు గొంతులోనే ఉండిపోతాయి. అదే జబ్బుతో వారు ఇంటికి తిరిగి వస్తారు.

వైద్యం ఇంగ్లీషులో ఉంటుంది, మన భాషల్లో చెప్పడం కుదరదు అనేవారికి ఈ నగరమే సమాధానం. 1917లో హైదరాబాదులో దారుత్తర్జుమా అనే అనువాద సంస్థ ఏర్పడి శాస్త్ర పదజాలాన్ని ఉర్దూలో రూపొందించింది. 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం కొన్ని దశాబ్దాలపాటు వైద్యశాస్త్రాన్ని సైతం ఉర్దూ మాధ్యమంలోనే బోధించింది. తెలుగులో డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ గారు ప్రసూతి, శిశుపోషణల గురించి తల్లులకు అర్థమయ్యేటట్లు పుస్తకం రాశారు. డాక్టర్ జి. సమరం గారు దశాబ్దాల తరబడి పత్రికల్లో సామాన్యుల సందేహాలకు తెలుగులో జవాబులు ఇస్తూ వచ్చారు. వైద్యవిద్య మొత్తం చెప్పగలిగిన భాషలో ఒక గోళీ గురించి చెప్పలేమా?

సోదరులారా, దీనిని మేము దయగా అడగడం లేదు. ఇది హక్కు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో 17 అంశాలతో రోగుల హక్కుల పత్రాన్ని రూపొందించింది. అందులో మొట్టమొదటిది సమాచార హక్కు. జబ్బు స్వభావం, దాని కారణం, చేయబోయే పరీక్షలు, చికిత్స, రాగల ఇబ్బందులు – వీటన్నిటినీ రోగికి తెలిసిన భాషలో, రోగి గ్రహించగల స్థాయిలో వివరించాలని అది చెబుతుంది. పురుష వైద్యుడు స్త్రీని పరీక్షించేటప్పుడు మరొక స్త్రీ అక్కడ ఉండే హక్కు, మరొక వైద్యుని అభిప్రాయం తీసుకునే హక్కు, మందులు, పరీక్షలు తనకు నచ్చిన చోట తీసుకునే హక్కు, మతం, కులం, భాష పేరిట వివక్షకు గురికాని హక్కు అందులో ఉన్నాయి. గడ్డం చూసి, బురఖా చూసి మాట తీరు మారిన సందర్భాలు మనలో కొందరు ఎదుర్కొన్నారు. అటువంటి వేళ కోపంతో గొంతు పెంచడం కన్నా ఈ పత్రాన్ని చేత పట్టుకుని ప్రశాంతంగా అడగడం ఎక్కువ బలమైనది.

భారత వైద్య మండలి 2002 నాటి నియమావళి ప్రకారం రోగి అడిగితే వైద్య రికార్డులను 72 గంటలలోగా ఇవ్వాలి. గుమాస్తాగా ఒక సలహా: నోటితో కాదు, రాతపూర్వకంగా అడగండి, అందినట్లు సంతకం తీసుకోండి.

సుప్రీంకోర్టు 2008 జనవరిలో సమీరా కోహ్లీ కేసులో ఇచ్చిన తీర్పును మన స్త్రీలందరూ తెలుసుకోవాలి. లోపల ఏముందో చూసే పరీక్షకని ఒప్పుకుని మత్తులోకి వెళ్లిన స్త్రీకి, తల్లి అనుమతి తీసుకుని గర్భసంచి, అండాశయాలు తొలగించారు. పరీక్షకు ఇచ్చిన అనుమతి ఆపరేషనుకు అనుమతి కాదని, ప్రాణాపాయం లేనప్పుడు స్పృహ వచ్చాక ఆమెనే అడగాలని, చికిత్స ఏమిటి, లాభమేమిటి, ప్రమాదమేమిటి, వేరే మార్గమున్నదా, వద్దంటే ఏమవుతుంది అన్నది ముందే చెప్పాలని న్యాయస్థానం స్పష్టం చేసింది. ఇది మనకు దూరపు విషయం కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం గర్భసంచి తొలగించుకున్న స్త్రీల నిష్పత్తిలో దేశంలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలే ముందు వరుసలో ఉన్నాయి. 15 నుంచి 49 సంవత్సరాల స్త్రీలలో ఆంధ్రలో దాదాపు 9 శాతం, తెలంగాణలో దాదాపు 8 శాతం. వారిలో ఎందరికి వేరే మార్గముందేమోనన్న మాట చెవిన పడింది?

మన సమాజానికి ప్రత్యేకమైన విషయం ఒకటుంది. రంజాన్ ఉపవాసాలు. షుగరు ఉన్న మన పెద్దవారు ఆ నెలలో డాక్టరు దగ్గరికి వెళ్లరు. "ఉపవాసం వద్దంటాడు" అని భయం. ఎవరికీ చెప్పకుండా ఉపవాసం ఉంటారు, ఉదయపు గోళీ సహ్రీలో, రాత్రి గోళీ ఇఫ్తార్‌లో తమకు తోచినట్లు మింగుతారు. ఇటు కొందరు వైద్యులు కూడా వివరం అడగకుండా "వద్దు" అని ఒక్క మాటతో తేల్చివేస్తారు. ఈ రెండింటి మధ్య రోగి నలిగిపోతాడు. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య మార్గదర్శకాల ప్రకారం రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే వైద్యుని కలవాలి. ఎవరికి ప్రమాదం తక్కువ, ఎవరు ఉపవాసం ఉండకూడదు అన్నది తేల్చి, మందుల మోతాదు, వేళలు మార్చాలి. వేలి నుంచి రక్తపు చుక్క తీసి చూసుకుంటే ఉపవాసం భగ్నం కాదు. చక్కెర 70 కన్నా తగ్గినా, 300 దాటినా వెంటనే ఉపవాసం విరమించాలి. రోగులకు ధర్మమే మినహాయింపు ఇచ్చింది. ఆ మినహాయింపును వాడుకోవడం విశ్వాస లోపం కాదని ఇమాములు ఖుత్బాలో చెప్పాలి. ఉపవాసమంటే రోగికి ఎంత ప్రాణప్రదమో వైద్యులు గ్రహించాలి. ఇద్దరూ ఒకే మాట చెబితే వినని రోగి ఉండడు.

వేదిక మీది నిపుణులకు మా విన్నపాలు మూడు. మొదటిది, "అర్థమైందా?" అని అడగకండి. మన సంస్కారంలో పెద్దవారి ముందు ఎవరూ అర్థం కాలేదనరు, తల ఊపుతారు. "ఇంటికి వెళ్లి మీ ఆవిడకు ఏమని చెబుతారు, నాకు చెప్పండి" అని అడగండి. తప్పు అక్కడే దొరుకుతుంది. రెండవది, కొడుకుతో ఏ భాషలో మాట్లాడినా చివరి మాట మాత్రం రోగి ముఖం చూసి, తెలుగులోనో ఉర్దూలోనో చెప్పండి. మూడవది, గోళీ పేరు పక్కన అది దేనికో ఒక్క ముక్క రాయించండి. "బీపీకి", "షుగరుకు", "ఆపవద్దు". ఉర్దూ ఈ రాష్ట్రానికి రెండవ అధికార భాష. రాసే సమయం మీకు లేకపోతే మా యువకులు వచ్చి రాసి పెడతారు.

కుటుంబాలకు మా మాట. డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లండి. అయిదు చాలు: నా జబ్బు పేరేమిటి? ఈ మందు దేనికి, ఎంతకాలం? ఆపితే ఏమవుతుంది? ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి? వేరే మార్గం ఉందా? పాత కాగితాలన్నీ తేదీల వారీగా ఒకే ఫైలులో పెట్టండి. ఆరోగ్యశ్రీ కింద చేరితే అక్కడి ఆరోగ్యమిత్రను కలిసి మీకు ఏది వర్తిస్తుందో అడగండి. 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి సంవత్సరానికి 10 లక్షల రూపాయల వరకు ఆ పథకం వర్తిస్తుంది. ప్రతి చిన్న పరీక్షకూ కార్పొరేట్ మెట్లు ఎక్కనవసరం లేదు. ప్రభుత్వ దవాఖానాలలో రక్తపోటు, షుగరు ఉచితంగా చూస్తారు. అన్నిటికన్నా ముఖ్యం, గోళీలు ఆపాలనుకున్న రోజున ముందు ఎవరినైనా అడగండి.

చివరగా ఒక ప్రకటన. కమిటీ పెద్దల అనుమతితో ఇకపై ప్రతి ఆదివారం అస్ర్ నమాజు తరువాత ఈ వరండాలో ఒక బల్ల వేసుకుని కూర్చుంటాము. చదువుకున్న ఇద్దరు ఆడపిల్లలు స్త్రీల వైపు కూర్చుంటారు. ఏ మతం వారైనా మీ డిశ్చార్జి కాగితం, చీటీ తీసుకురండి. అందులో రాసినది మీ భాషలో చదివి వినిపిస్తాము. మందు మార్చమని గానీ మానమని గానీ చెప్పము, అది వైద్యుల పని. అర్థం కానిది ఉంటే ప్రశ్నగా రాసి మీ చేతికిస్తాము, మీరు వైద్యుని అడగండి. ముప్పయ్యారు సంవత్సరాలు ఫైళ్లు చదివిన కళ్లు ఇవి. ఒక్క కాగితం సరిగా చదవలేదు. ఇప్పుడు మీ కాగితాలు చదువుతాము.

అల్లాహ్ రోగులకు స్వస్థతను, వైద్యులకు ఓర్పును, మనందరికీ అడిగే ధైర్యాన్ని ప్రసాదించుగాక. ఇక నిపుణులు మాట్లాడతారు. దయచేసి మధ్యలో చేయెత్తి అడగండి. వారు అందుకే వచ్చారు.